హాయి మీదుగా వచ్చిన జవాబు

కాగితం 1, సోమవారం

పెన్నుతో రాస్తున్నాను. ముసలి చాదస్తం అనుకునేవాళ్లు అనుకోండి. ఫోన్‌లో రాసుకున్న డైరీని వారం తర్వాత తెరిస్తే నా కోపం నాకే కనపడటం లేదు. "ఈ దుర్మార్గం" అని రాసుకున్నచోట "ఈ సవాలు" అని ఉంటోంది. "ఏడ్చాను" అన్నచోట "నాతో నేను కాసేపు గడిపాను" అని ఉంటోంది. నా ఏడుపు మీద కూడా నాకు హక్కు లేకపోతే ఇంక దేని మీద ఉన్నట్టు? అందుకే మా సంఘం పాత కరపత్రాల కట్ట విప్పి, వెనకవైపు తెల్లగా మిగిలిన చోట రాస్తున్నాను. కాగితాన్ని మెత్తబరిచే యంత్రాన్ని ఇంకా ఎవడూ కనిపెట్టలేదు.

ఇవాళ్టి వార్త: హాయి కంపెనీ 'బట్వాడా'ను కొనేసింది. బర్కత్‌పురాలో ఒక గదిలో ముగ్గురు కుర్రాళ్లు పెట్టిన స్టార్టప్ అది. రాసిన మాటను రాసినట్టుగా అవతలి మనిషికి చేర్చే దారి దేశంలో అదొక్కటే మిగిలింది. యూనియన్లు, లాయర్లు, నాలాంటి పత్రికల వాళ్లు దాన్ని పట్టుకునే బతుకుతున్నాం. మిగతా ప్రతి మాటా హాయి గుండా మెత్తబడి పోవలసిందే. ఫోన్‌లో రాసినా సరే, చెవిలో హాయి వాళ్ల పూస పెట్టుకున్న మనిషితో ఎదురుగా నిలబడి మాట్లాడినా సరే.

ప్రకటన "ఉత్సాహంగా తెలియజేస్తున్నాం" అని మొదలైంది. స్టార్టప్ వాళ్లు ఉత్సాహపడ్డారంటే ఎక్కడో ఎవరి నోరో మూతపడుతున్నట్టేనని నా పత్రిక 'జల్లెడ'లో పాతికేళ్లుగా రాస్తున్నాను. "మీకేమీ మారదు" అని ముగిసింది. ఈ వారం జల్లెడలో ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన వేసి, కింద ఏమీ రాయకుండా వదిలేశాను. మా బోటి పత్రికల ఉత్తరాలను ముట్టుకోకూడదన్న బట్వాడా ఒప్పందం ఉగాది దాకా ఉంది. అప్పటిదాకా చూద్దాం.

నేను ఎదురుచూస్తున్నది ఈ వార్త కోసం కాదు, ఓదేలన్న జవాబు కోసం.

ఓదేలన్న గోదావరి ఒడ్డు బొగ్గు ఊళ్లో ఒకప్పుడు బాయి దిగి బొగ్గు కొట్టిన మనిషి, తర్వాత యూనియన్ పత్రిక నడిపిన మనిషి. అక్కడ గనిని బాయి అంటారు. జల్లెడలో నేనొక వ్యాసం రాస్తే వచ్చే వారం దాన్ని చీల్చి ఆరేస్తూ ఆయన జవాబు ఉంటుంది. ఆ పై వారం మళ్లీ నాది. పాఠకులు వార్తలు వదిలేసి ముందు అదే చదువుతారు. ఇప్పటి తగువు హాయి మీదే. నేను మూసెయ్యాలంటాను. ఆయన మూయొద్దు, కార్మికుల చేతికి తీసుకుందాం అంటాడు. ఆయనకో కారణం ఉంది. పాత సోషల్ మీడియా రోజుల్లో ఆయన తమ్ముడి కూతురు మమత సభలో పాడిన పాటను ఎవడో ముక్కలుగా కోసి పెడితే, ముఖాలు లేని మగాళ్లు నెల రోజులు దాని కింద బూతులు రాశారు. ఒకరోజు ఆ పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ తలుపు తీసి చూసింది ఓదేలన్న కూతురు వసంత. అప్పటికి బడికి వెళ్లే పిల్ల. "నీ పచ్చి మాట ఎంత గొప్పదో మా వసంతనడుగు" అని ఆయన ప్రతి జవాబులో రాస్తాడు. అది అన్యాయమైన వాదన. నేను తిప్పికొట్టలేని వాదన కూడా.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటుంది. వాదం నడుస్తున్నంత కాలం ఒకరి గడప ఒకరు తొక్కకూడదు, ఫోన్ కూడా చేసుకోకూడదు. ఒకప్పుడు మా సంఘం పెద్దలిద్దరు పత్రికలో భీకరంగా పోట్లాడుకుంటూ, సాయంత్రాలు ఒకరింట్లో ఒకరు టీ తాగుతూ లోపాయికారీగా రాజీ కుదుర్చుకున్నారు. నమ్మిన కార్యకర్తలు మాత్రం రెండు ముక్కలయ్యారు. ఆ అసహ్యంతో పెట్టుకున్న నియమం. తగువు తేలాక నేను వెళ్లి, కోడికూర తిని, కడుపునిండా తిట్టించుకుని వస్తాను.

ఈసారి తగువు సాగింది. ఈలోగా ఆయన దగ్గు ముదిరింది. పోయిన ఉత్తరంలో తనే రాశాడు: "నాలుగు మాటలకోపారి ఆగి దమ్ము తీస్కోవాల్సొస్తంది. ఆ నాలుగూ నిన్ను తిట్టెటందుకే వాడుకుంటున్న." ఊపిరితిత్తుల్లో పేరుకున్న బొగ్గు దుమ్ము వెనక్కి పోయేది కాదు. ఆ జవాబేదో తొందరగా వస్తే బాగుండు. వస్తే వెళ్లి మనిషిని చూడొచ్చు.

కాగితం 2, గురువారం

పొద్దున నీళ్ల ట్యాంకర్ దగ్గర చూసింది రాసి తీరాలి. పై అంతస్తు రమాదేవి వరస తప్పించి ముందుకొచ్చి బిందె పెట్టింది. వెనకున్న షబానా గొంతు చించుకుంది: "ఏయ్, కళ్లు దొబ్బినయా? పొద్దుగాల నాలుగింటి నుంచి నిలబడ్డ ఇక్కడ!"

రమాదేవి చెవిలో పూస ఉంది. అందులోంచి ఏం వినపడిందో గానీ, తిరిగి చూసి చక్కగా నవ్వింది. "అయ్యో, థాంక్స్ షబానా. నువ్వు కూడా ఆరోగ్యం చూసుకో."

షబానా చెవిలో కూడా పూస ఉంది. ఆమెకేం వినపడిందో తెలియదు, ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నీళ్లు మాత్రం రమాదేవి బిందెలో పడ్డాయి. శాంతి శాంతి అని ఊదరగొట్టేవాళ్లు ఒక్కసారి ఈ ట్యాంకర్ దగ్గరికి రావాలి. తిట్టు చేరకపోతే నష్టం ఎవరిది? వరసలో నిలబడ్డవాళ్లది. వరస తప్పించినవాళ్లకి ఇంతకంటే హాయి ఎక్కడుంది? నేను పూస పెట్టుకోను కాబట్టి ఇద్దరినీ తిట్టాను. ఇద్దరూ నాకు ధన్యవాదాలు చెప్పారు.

ఇంటికొచ్చేసరికి బట్వాడాలో ఓదేలన్న జవాబు వచ్చి ఉంది. బిందె దించకుండానే తెరిచాను.

"ప్రియమైన జోయా, మీ వ్యాసం నన్నెంతో ఆలోచింపజేసింది. మీ అనుభవాన్ని గౌరవిస్తున్నాను. మనం వేర్వేరు దారుల్లో ఒకే గమ్యానికి నడుస్తున్నామని నమ్ముతున్నాను. మీకంతా మంచి జరగాలి."

అంతే.

బయటివాళ్లకు ఇది మర్యాదగానే కనపడుతుంది. మా మనుషుల్లో మాత్రం, వాదానికి ఇలాంటి జవాబు రాశారంటే 'నువ్విక వాదించదగ్గ మనిషివి కావు' అని అర్థం. పార్టీ నుంచి వెళ్లగొట్టేటప్పుడు కూడా మమ్మల్ని ఇంతకంటే ప్రేమగా వెళ్లగొట్టారు. హాయి చేసిన పనేమో అనే అనుమానం రాకపోలేదు. కానీ బట్వాడా ఒప్పందం ఉగాది దాకా ఉంది, సంతకాలున్నాయి. కాబట్టి ఇవి ఆయన మాటలే. ముసలాడికి నా మీద విసుగు పుట్టింది. నేను విసిగించానా, లేక ఆయనే అమ్ముడుపోయాడా?

కాగితం 3, శనివారం

బహిరంగ లేఖ రాసి జల్లెడలో వేశాను. కాపీ ఆయనకు బట్వాడాలో పంపాను. "ఓదేలుకు వయసుతో వచ్చింది జ్ఞానం కాదు, నిద్ర. ఒకప్పుడు బాయిలో దీపం పట్టుకుని ముందు నడిచిన మనిషి, ఇప్పుడు అదే బాయిలో హాయి పెట్టుకున్న సర్వర్లకు జోలపాడుతున్నాడు. నాతో పోట్లాడే దమ్ము లేకపోతే లేదని చెప్పు, గమ్యాలూ దారులూ అని గ్రీటింగ్ కార్డులు పంపకు" అని రాశాను. దమ్ము అన్న మాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. అయినా తీసెయ్యలేదు. ఆయనైతే తీసేసేవాడా?

సాయంత్రం వసంత ఫోన్ నుంచి నాలుగు ముక్కలు: "అత్తా, నాన్న కాస్త అలసటగా ఉన్నారు. విశ్రాంతి తీసుకుంటున్నారు. మీ లేఖ చదివి చాలా సంతోషించారు."

వసంత ఫోన్ హాయిలోదే. దాని మాటల్ని నేను ఎప్పుడూ సగానికి విరిచి చదువుకుంటాను. అలసట అంటే దగ్గు పెరిగి ఉండొచ్చు. కానీ ఆ ఉత్తరం చదివి సంతోషించడమేమిటి? అది చదివితే గోడకేసి కొట్టాలి కదా మనిషి!

అటక మీంచి సంచి దించాను. రెండు చీరలు పెట్టాను. తర్వాత తీసేశాను. నా లేఖకు జవాబు రాలేదు. వాదం మధ్యలో గడప తొక్కితే, జబ్బు మనిషి మీద జాలిపడి రాజీకి వచ్చిందంటారు. మిగతావాళ్లు అనడం కాదు, ఆయనే అంటాడు. చచ్చేదాకా అంటాడు. ఆ నియమాన్ని ముందుగా తెగ్గొట్టేది నేను మాత్రం కాను.

కాగితం 4, మంగళవారం

హాయి వాళ్లు పత్రికల వాళ్లను పిలిచారు. నగరం పడమటి చివర అద్దాల మేడ. ఉప్మా బాగుంది, అది కాదనను. మా ముందు కూర్చోబెట్టిన అమ్మాయి పేరు నైమిష, 'అనుబంధాల విభాగం' పెద్ద. ముప్పై ఏళ్లుంటాయేమో. నా కోసం మర్యాదగా పూస తీసి బల్ల మీద పెట్టింది.

"బట్వాడా ఉత్తరాలకు ఉగాది దాకా మినహాయింపు ఉంది కదా?" అన్నాను.

"ఉంది మేడమ్. అర్థం విషయంలో. అర్థం మేం ముట్టుకోం. స్వరాన్ని కాస్త సర్దుతాం, అంతే."

"ఎప్పట్నుంచి?"

"కొన్న రోజు నుంచే."

పక్కనున్న విలేకరి ఉప్మా తింటూనే ఉన్నాడు. నేను అరిచాను. అర్థం వేరు, స్వరం వేరు అని మీకెవడు చెప్పాడమ్మా, కొట్టినవాడి చెయ్యి వేరు, దెబ్బ వేరు అన్నట్టుంది అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ అమ్మాయి అంతా వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "నేను హాస్టల్లో అన్నం తింటుంటే మా కాలనీ గ్రూపులో ఫొటో వచ్చింది మేడమ్. రోడ్డు మీద ఎవరిదో శవం. చొక్కా చూసి గుర్తుపట్టాను, మా నాన్నది. కింద ఎవరో తొందర్లో నవ్వే బొమ్మ నొక్కారు. అందుకే నేనీ ఉద్యోగంలో చేరాను. మీరు నన్ను ఎన్ని తిట్టినా ఫర్వాలేదు."

నేను తిట్టలేకపోయాను. కానీ ఒక ప్రశ్న మిగిలింది. "అయితే ఇప్పుడు మీరు చావు కబురును ఎలా చెప్తారు?"

ఆమె ముఖం వెలిగింది. చాలా పని చేసినట్టున్నారు దాని మీద. "చాలా మాటలు పరీక్షించాం మేడమ్. తెలుగులో అందరికీ బాగా నచ్చింది విశ్రాంతి. ఇంకా ప్రాణం ఉండి, ఆశ లేదనుకోండి, అప్పుడు ముందు అలసట, తర్వాత విశ్రాంతి."

లేచాను. ఎక్కడికి మేడమ్, ఇంకా ప్రశ్నలున్నాయా అని ఆ పిల్ల వెనకనుంచి అడుగుతూనే ఉంది. వాదాన్ని సగంలో వదిలేసి నేను లేచి వెళ్లిపోవడం ఇదే మొదలు.

కాగితం 5, బుధవారం

బస్సు దిగేసరికి పొద్దెక్కింది. బొగ్గు అయిపోయిన బాయిల్లో ఇప్పుడు సర్వర్లు నడుస్తున్నాయి. లోపలి చల్లదనం వాటికి సరిపోతుందట. సైరన్ మాత్రం పాతదే. వసంత ఆ లోపలే షిఫ్టు చేస్తుంది. దిగితే మళ్లీ పైకి వచ్చేదాకా మనిషి అందదు.

ఓదేలన్న గడప దగ్గర నా కాలు ఆగింది. ఇన్నేళ్ల నియమం, కాలికి కూడా అలవాటైపోయింది. లోపలినుంచి పొరుగింటి పోసక్క జావ గిన్నెతో ఎదురొచ్చింది. ఆమె చెవులకు పూస నిలవదు.

"గిప్పుడా అచ్చేది? మనిషి సగమైండు. రోజు నీ పేరే. పట్నపోళ్లకు పాణముంటదా అసలు?"

ఎంతకాలానికి పడింది నా మీద ఒక తిట్టు! తలవంచుకుని లోపలికి వెళ్లాను.

మంచం మీద ఓదేలన్న. ముక్కులో గొట్టం, చెవిలో పూస లేదు, పక్కన గుర్రుమంటూ గాలి మిషను. నన్ను చూశాడు. గోడ వైపు తిరిగిపోయాడు.

"ఎందుకచ్చినవ్? జాలి పడనీకా?"

"జాలా? నీ మీదా?"

"'అన్నా, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం, వాదాలదేముంది' అని రాస్తివి గద. సచ్చేటోని లెక్క జమ చేస్తివి నన్ను. గంత మంచిగున్న కొట్లాటను... నడిమిట్ల వదిలేస్తివి."

"నేనట్ల రాయలేదన్నా."

"నువ్వు రాయకుంటే ఎవలు రాసిన్రు? నీ అయ్యనా?"

సంచిలోంచి నా చేతిరాత ప్రతి తీశాను. మొదటి అక్షరం నుంచి చదివాను. వయసుతో వచ్చింది నిద్ర అన్నదగ్గర తల నా వైపు తిరిగింది. జోలపాట దగ్గర కళ్లు మెరిశాయి. దమ్ము అన్న మాటకు పెద్దగా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. పోసక్క పరుగెత్తుకొచ్చి వీపు నిమురుతూ నన్ను కసిరింది: "సంపుతవా ఏంది మనిషిని?"

"సదువనియ్యి పోసక్కా," అన్నాడు ఓదేలన్న ఎగపోస్తూ. "శానా దినాలకు... జర పాణం లేచొచ్చింది."

తను నాకు పంపిందేమిటో కూడా చెప్పాడు. గడీలో కూర్చుని పాలేర్లకు నీతులు చెప్పే దొరసానివి అని మొదలుపెట్టి పేజీన్నర రాశాడట. "నీకేమొచ్చింది మరి?" అన్నాడు.

"మీ అనుభవాన్ని గౌరవిస్తున్నానని."

"థూ," అన్నాడు.

ఆయన నన్ను మోసపోయిన మనిషిలా చూడలేదు, నేనూ చూడలేదు. ఒకరినొకరం వదిలేశామనుకుని, ఆ అవమానంతో ఎవరి ఇంట్లో వాళ్లం ఇన్నాళ్లు బిగుసుక్కూర్చున్నాం. ఆయనకున్నవే కొద్ది రోజులు. అవి అలా పోయాయి.

"డాక్టరేమన్నాడు?" అని అడిగాను.

"వారమన్నడు. పోయిన వారం మంగళారం అన్నడు." ఇవాళ బుధవారం. "వసంత ముందలనే జెప్పిండు. దానికి పూసల ఏమినబడ్డదో... తలకాయ ఊపి, పోయి కొబ్బరిబోండాం తెచ్చింది."

కాగితం 6, గురువారం

పొద్దున్నే మొదలైంది, మా చివరి తగువు.

"వసంతకు చెప్పాలి అన్నా. నేను చెప్తా."

"చెప్పకు."

"నువ్వంటే హాయి భక్తుడివి. నేను కాదు. కన్నతండ్రి పోతున్నాడని తెలుసుకునే హక్కు ఆ పిల్లకు లేదా?"

"హక్కు సంగతి నీకెరుక. బిడ్డ సంగతి నాకెరుక." గాలి కోసం ఆగాడు. మిషను గుర్రుమంది. "మమతను కిందికి దించినంక... ఏడాది మాట రాలే దానికి. నా అంగీ కొస పట్టుకొని పండేది. మల్లొకపారి దానితోని తలుపు తీపియ్యకు జోయా."

"రేపు నువ్వు పోయాక తెలియదా? అప్పుడు తలుపు తానే తెరుచుకుంటది కదా!"

"రేపటిది రేపు. ఇయ్యాల నిమ్మళంగ ఉండనియ్యి. నేను గూడ... నిమ్మళంగ ఉన్న మొఖం చూస్కుంట పోత."

"ఇది వాదన కాదు, బతిమాలుడు."

"నీకు బాకీ ఉన్న జవాబిదే," అన్నాడు. "రాసుకో. జల్లెడల ఏస్కో."

నేను చాలా చెప్పాను. సత్యం గురించి, మనుషుల్ని పసిపిల్లల్ని చేసే అధికారం గురించి, ట్యాంకర్ దగ్గర బిందెల గురించి కూడా. కళ్లు మూసుకుని విన్నాడు. విన్నాడో, నిద్రపోయాడో. నా వాదనలో ఒక్క తప్పు లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా వెతుకుతున్నాను, దొరకడం లేదు.

మధ్యాహ్నం వసంత షిఫ్టు నుంచి వచ్చింది. గడపలో చెప్పుల చప్పుడు వినగానే ఓదేలన్న మోచేతుల మీద లేచి, గోడకు జారబడి కూర్చున్నాడు. అంత బలం ఎక్కడిదో. "ఏం బిడ్డా, మీ మిషన్లకు జలుబు చేసిందా?" అని పలకరించాడు. వసంత నవ్వింది. నా చెయ్యి పట్టుకుని "అంట్లు తోముదాం రా అత్తా" అని పెరట్లోకి తీసుకుపోయింది.

కుళాయి దగ్గర అటూ ఇటూ చూసి చెవిలోంచి పూస తీసింది. అది ఉన్నచోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. పక్కింటి గ్రైండర్ చప్పుడుకు మొఖం చిట్లించింది.

"అత్తా, అందరూ ఒక్కతీరుగనే మాట్లాడుతున్నరు. డాక్టరు కాగితం ఫోన్ల చూసినా గదే మాట. నాకేదో తిక్కతిక్కగ అయితంది. జోయత్త తిట్టినా కొట్టినా నిజమే చెప్తదని నాన్న ఎప్పుడూ అంటడు. అందుకే నువ్వొచ్చేదాక ఆగిన." తడి చేతులతో నా చెయ్యి పట్టుకుంది. "నాన్నకెట్లున్నది? రేపు పొద్దట్నుంచి డబల్ డ్యూటీ వేసిన్రు. పోవాల్నా, ఇంటికాడ ఉండాల్నా?"

పెరటి కిటికీలోంచి మంచం కనపడుతోంది. ఓదేలన్న మమ్మల్నే చూస్తున్నాడు. సైగ చెయ్యలేదు, తల ఊపలేదు. ఊరికే చూస్తున్నాడు.

చెవి ఖాళీగా పెట్టుకుని ఆ పిల్ల నా నోటి వైపు చూస్తోంది. హాయి మేడలో అమ్మాయిలా మర్యాదకు కాదు, నిజం వినడానికి తీసింది. నేను ఇన్నేళ్లుగా అడుగుతున్నది ఇదే కదా, ఒక్క మనిషి పూస తీసి నా మాట వినాలని.

"అలసట, వసంతా," అన్నాను. "విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. నువ్వు డ్యూటీకి పో."

నమ్మింది. భుజాలు దిగిపోయాయి. పూస మళ్లీ చెవిలో పెట్టుకుని, గిన్నెలు కడుగుతూ ఏదో పాట కూడా తీసింది.

కాగితం 7, శుక్రవారం

వసంత తెల్లారేసరికి బాయి దిగింది. పోయేముందు తండ్రి దుప్పటి సర్ది, "ఒచ్చేటప్పుడు బోండాం తెస్త" అంది. ఆయన ఆ మొఖాన్నే చూస్తూ ఉండిపోయాడు. తను కోరుకున్నట్టే.

పది దాటాక నన్ను పిలిచి, లేఖ మళ్లీ చదవమన్నాడు. చదివాను. కార్మికుల నియంత్రణ అనేది ఉత్త పగటికల అని నేను రాసిన పేరా దగ్గర వేలు పైకెత్తాడు.

"గది తప్పు," అన్నాడు.

"ఏది తప్పు? ఎట్లా తప్పు?"

దమ్ము తీసుకోవడానికి ఆగాడు. నేను కాగితం పట్టుకుని ఎదురుచూశాను. ఎప్పటిలా మనసులో ఎదురు వాదన సిద్ధం చేసుకుంటూనే ఎదురుచూశాను. వేలు దుప్పటి మీదికి దిగింది. పోసక్క చేతిలో గిన్నె పడేసి ఏడుపు అందుకునేదాకా నాకర్థం కాలేదు.

బాయి గేటు దగ్గరికి పరుగెత్తాను. లోపలికి మనిషిని పంపరట. కబురు తెరమీద వేస్తామన్నారు. "చచ్చిపోయాడని వెయ్యండి, ఆ పిల్ల తండ్రి ఓదేలు చచ్చిపోయాడని వెయ్యండి" అని అరిచాను. గేటు దగ్గరి కుర్రాడు శ్రద్ధగా విని, రాసి, పంపాడు. వాడి చెవిలో పూస ఉంది. తెర మీద ఏమొచ్చి ఉంటుందో ఈ కాగితాలు చదివినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

వసంత రెండు షిఫ్టులూ పూర్తిచేసింది. వాకిట్లో ఎర్రజెండా, జనం, చాప మీద తండ్రి. వీధి మొదట్లోనే నిలబడిపోయింది. ఏ మాటా వినకుండానే, కళ్లతో చూసి తెలుసుకుంది.

కాగితం 8, ఆదివారం

తంతులు లేవు. జెండా కప్పి, పాటలు పాడి, గోదావరి ఒడ్డున కాల్చివచ్చాం. సభలో నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఓదేలన్న తప్పుల్ని ఒక్కటొక్కటిగా చెప్పాను, మా పద్ధతి అది. జనం పూసల వెనకనుంచి ఆప్యాయంగా తలలూపారు. మీటింగు అయ్యాక ఒకాయన వచ్చి, "బాగా చెప్పారక్కా, మీ ఇద్దరి మధ్య ఒక్క పొరపొచ్చెం లేదని ఇప్పుడే తెలిసింది" అన్నాడు.

జల్లెడకు ఆయన జవాబు పంపాలి. ఏమని పంపను? పంపినా ఏమై చేరుతుంది?

ఇవాళ పొద్దున సంచి సర్దుకుంటుంటే వసంత గదిలోకొచ్చింది. పూస తీసి గుప్పిట్లో పట్టుకుని ఉంది.

"మొన్న నేనడిగినప్పుడు నీకు తెల్సా అత్తా?"

మీ నాన్నే వద్దన్నాడు అన్న మాట నాలుక మీదికి వచ్చింది. మింగేశాను. పోయినవాణ్ని కూతురి దగ్గర దోషిని చేసి నేను తప్పుకోలేను.

"తెలుసు," అన్నాను.

అరవలేదు. ఏడవలేదు. నా మొఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గుప్పిట విప్పి, పూసను చెవిలో పెట్టుకుని, సందు లేకుండా వేలితో నొక్కుకుంది.

"వసంతా, ఆగు. అది తియ్యి. నేను నీకు అబద్ధం చెప్పాను. చివరి రోజు నీ నుంచి లాక్కున్నాను. నా పిరికితనం అది. ఇంకే పేరూ పెట్టొద్దు దానికి. నువ్వు నన్ను తిట్టాలి. అది తీసి తిట్టు. కావాలంటే కొట్టు. ఇట్లా మాత్రం నిలబడకు."

తల కొంచెం పక్కకు వాల్చి వింది. నేను అనని మాటలేవో వింది. బిగిసిన మొఖం మెల్లగా సడలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, మనకు ఎవరైనా మంచిమాట చెబితే తిరుగుతాయే, అలాంటి నీళ్లు. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"పర్లేదు అత్తా," అంది. "బస్సుకు ఇంకా టైముంది గద. తిన్నవా?"